అప్లై చేసింది నేనొక్కదాన్నే, వెళ్లింది నలుగురం

2024 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, ఇంతకుముందు మా స్కూల్లో సైన్స్ చెప్పిన మేడమ్ ఒకావిడ వాట్సాప్‌లో ఫొటో పంపింది. వెనక ఎర్రటి కొండలు, ముందు పసుపు రంగు స్కూల్ బస్సు, కనుచూపు మేర ఒక్క ఇల్లు లేదు. కింద రెండే ముక్కలు: "ఇక్కడ మ్యాథ్స్ టీచర్లు దొరకట్లేదు. ఆలోచించు." ఉప్మా కలుపుతూనే ఆ ఫొటో మా ఆయనకు చూపించాను. "ఇదేం అమెరికా? అచ్చం కర్నూలు వైపు బోడి గుట్టల్లా ఉంది" అన్నాడు.

నేను సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లుగా లెక్కలు చెప్పేదాన్ని. జీతం 34 వేలు. మా ఆయన మెడికల్ రెప్. అప్పటికి పాపకు ఆరేళ్లు, బాబుకు రెండున్నర. సాఫ్ట్‌వేర్ వాళ్లు వెళ్లే దారి ఈ ఊళ్లో ప్రతి గల్లీలో ఎవరో ఒకరికి తెలుసు. టీచర్లు వెళ్లే దారి మాత్రం అడిగిన ప్రతివాళ్లూ ఒక్కోలా చెప్పారు. మాకు ఎలా జరిగిందో అలాగే రాస్తున్నాను.

ముందు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఆరు లక్షలు అడిగారు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఏడాది అనుభవమే ఉందంటే "లెటర్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. అది వినగానే లేచి వచ్చేశాం. టీచర్లకిచ్చే జె-1 వీసాకు డిగ్రీతో పాటు కనీసం రెండేళ్ల అనుభవం నిజంగా ఉండాలి. ఈ వీసాకు మధ్యలో ఉండే స్పాన్సర్ సంస్థల జాబితా అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నేరుగా వాళ్లకే అప్లై చేసుకోవచ్చు. ఆరు లక్షలు పెట్టి ఇంకొకరితో చేయించుకునేంత పని అందులో ఏమీ లేదు.

అయితే పని లేదని కాదు. అక్టోబర్ మొత్తం కాగితాలకే పోయింది. నా డిగ్రీ, బీఎడ్ అక్కడి చదువుకు సమానమేనని ఒక ఏజెన్సీ తేల్చాలి. అందుకు యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్స్, అంటే చదివిన సబ్జెక్టుల మార్కుల వివరాలు, సీల్ వేసిన కవర్లో కావాలి. చలానా కట్టడానికి ఒకరోజు, అప్లికేషన్ ఇవ్వడానికి ఒకరోజు, "సార్ లీవులో ఉన్నాడు, సోమవారం రండి" అనిపించుకోవడానికి ఇంకో రోజు. ప్రతిసారీ స్కూల్లో హాఫ్ డే లీవు. తీరా కవర్ చేతికొచ్చాక చూస్తే అంటించిన చోట స్టాంపు పడలేదు. ఆ స్టాంపు లేకపోతే సీల్ వేసినట్టు కాదట. మళ్లీ మొదటికి. మొత్తం 47 రోజులు. మీరు వెళ్లినప్పుడు కవర్ తీసుకున్న చోటే, కౌంటర్ ముందు నుంచి కదలకుండా, వెనక్కి తిప్పి చూసుకోండి.

అంతకంటే పెద్ద తలనొప్పి నా పేరు. టెన్త్ మెమోలో మా పుట్టింటి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. డిగ్రీలో అదే పూర్తిగా, కానీ స్పెల్లింగ్ వేరు. పెళ్లయ్యాక ఆధార్‌లో, పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు. ఈ ముగ్గురూ ఒకే మనిషి అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాలి. కోర్టు దగ్గర చెట్టు కింద కూర్చున్న నోటరీ నా కాగితాలు చూసి, "అమ్మా, మగాళ్లకైతే ఈ బాధ ఉండదు" అన్నాడు. సాక్షి సంతకానికి అమ్మ వచ్చింది. ఎండలో గంటన్నర నిలబడి, "నువ్వు నా కూతురివేనని కూడా వీళ్లకు రాసివ్వాలా" అని విసుక్కుంది.

2025 జనవరిలో స్పాన్సర్ నా ఫైలు ఒప్పుకున్నారు. ఆ తర్వాత స్కూళ్ల ఇంటర్వ్యూలు, అన్నీ మనకు రాత్రి పూటే. మొదటి మూడింటిలో ఏమీ తేలలేదు. నాలుగోది ఫిబ్రవరి 20న, రాత్రి పదిన్నరకు. పిల్లల్ని మా ఆయన డాబా మీదకు తీసుకెళ్లాడు. మాఘమాసం కదా, సరిగ్గా ప్రిన్సిపాల్ మాట్లాడటం మొదలుపెట్టగానే మా గల్లీలోకి బరాత్ వచ్చింది. డీజే దెబ్బకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె నవ్వి, "పండుగా?" అని అడిగింది. పెళ్లి అని చెప్తే, పెళ్లికూతురు ఎలా ఉందో చూపించమంది. లాప్‌టాప్ ఎత్తి కిటికీలోంచి చూపించాను. పెళ్లికొడుకే కనిపించాడు, గుర్రం మీద. లెక్కల గురించి అడిగింది పది నిమిషాలే. మిగతాదంతా "పాలు కొనడానికి గంట కారు నడపాల్సి వస్తే ఉండగలరా? మంచు చూశారా? పల్లెలో ఎప్పుడైనా ఉన్నారా?" ఇవే. నల్లగొండ దగ్గర మా అమ్మమ్మ ఊరి గురించి చెప్పాను. మార్చి 6న ఆఫర్ వచ్చింది. ఏడో తరగతి లెక్కలు, ఏడాదికి 47,500 డాలర్లు, ఈశాన్య అరిజోనాలో నవహో నేషన్‌లో, చిన్లీకి అవతల ఒక చిన్న ఊరు.

నవహోలు అమెరికా మూలవాసులు. వాళ్ల భూమి అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల్లో ఉంటుంది. మన తెలంగాణలో సగానికి పైగానే ఉంటుంది దాని విస్తీర్ణం. అలాంటి ప్రాంతాన్ని అక్కడ రిజర్వేషన్ అంటారు. ఈ మాట చెప్పి మా పెదనాన్న దగ్గర ఇరుక్కుపోయాను. "రిజర్వేషన్ స్కూలా? అక్కడ కూడా మనకు కోటా ఉందా?" అన్నాడు. ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. నేను కోటాలో అమెరికా వెళ్లానని ఇప్పటికీ చుట్టాలకు చెప్తుంటాడు.

ఇక్కడి నుంచే అసలు కథ. స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 అనే ఫారం లేకుండా వీసాకు వెళ్లలేం. అది మే 19న వచ్చింది. నలుగురికీ నాలుగు. నాది జె-1, మిగతా ముగ్గురివీ జె-2, అంటే డిపెండెంట్లు. ఎనిమిది నెలలుగా నా చదువు, నా అనుభవం, నా పోలీస్ క్లియరెన్స్, నా ఇంగ్లిష్ అన్నీ అడిగారు. మిగతా ముగ్గురి గురించి అడిగింది ఒక్కటే, వాళ్లను పోషించడానికి బ్యాంకులో డబ్బుందా అని. పైగా స్పాన్సర్ మేడమ్ మెత్తగా ఒక సలహా ఇచ్చింది: "ముందు మీరొక్కరే వెళ్లి, మూడు నెలల తర్వాత వాళ్లను పిలిపించుకోండి." డబ్బు లెక్కల ప్రకారం చూస్తే ఆమె చెప్పిందే రైటు. బాబును మూడు నెలలు వదిలి ఉండటం నావల్ల కాదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడైనా నలుగురం కలిసే వెళ్తాం, కాకపోతే చేతిలో ఇంకో రెండు వేల డాలర్లు ఎక్కువ పెట్టుకుని.

"డిపెండెంట్" అన్న మాట మా ఇంట్లో బాగా నలిగింది. భార్య వెనక మొగుడు డిపెండెంటుగా వెళ్లడమేంటని మా ఆడబిడ్డ భర్త ఒక ఫంక్షన్‌లో అందరి ముందూ నవ్వాడు. మా ఆయన కూడా నవ్వేసి, "బైకు మీద వెనక కూర్చుంటే ఊరు బాగా కనిపిస్తది బావా" అన్నాడు. ఆ రాత్రి మాత్రం ఆయనకు నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదు.

ఏప్రిల్ ఆఖరుకే నేను స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కు చెప్పేశాం. విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాల వాళ్ల వివరాలు ఎక్కించే అమెరికా ప్రభుత్వ సిస్టమ్ సెవిస్. దాని ఫీజు నా ఒక్కదానికి 220 డాలర్లు కట్టాం, జె-2 వాళ్లకు అది ఉండదు. వీసా ఫీజు తలా 185, నలుగురికి 740 డాలర్లు, మన డబ్బుల్లో దాదాపు 64 వేలు. అన్నీ కట్టి, డీఎస్-160 అనే వీసా అప్లికేషన్ ఫారాలు నింపి, స్లాట్ వెతుకుదామని కూర్చున్నామో లేదో, మే 27న విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారని వార్త. మాది ఎక్స్ఛేంజ్ వీసానే. అప్పటికే స్లాట్ ఉన్నవాళ్లకు ఫర్వాలేదట. రెండు రోజులు ముందు బుక్ చేసి ఉంటే మేమూ ఆ లెక్కలోకే వచ్చేవాళ్లం.

జూన్ 1కి ఇల్లు ఖాళీ చేసి మలక్‌పేటలో అత్తమ్మ వాళ్లింట్లో దిగాం. రెండు గదులు, ఆరుగురం, పదకొండు అట్టపెట్టెలు. జూన్ 12న బడులు తెరిచారు. పాపకు ఇక్కడ టర్మ్ ఫీజు 45 వేలు కట్టాలా వద్దా అన్నది రోజూ రాత్రి మాట్లాడుకునే విషయం. కట్టాక వీసా వస్తే డబ్బు పోయినట్టే. కట్టకుండా వీసా రాకపోతే సీటే పోతుంది. కట్టలేదు. పొద్దున ఎనిమిదికి పిల్లలతో ఆటోలు వెళ్తుంటే పాప గేటు పట్టుకుని నిలబడేది. "అమ్మా, నేను ఇప్పుడు ఏ క్లాసు?" అని అడిగేది. ఈ మొత్తంలో నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చింది అప్పుడే.

జూన్ 18న మళ్లీ మొదలుపెడతామన్నారు, కొత్త షరతుతో. సోషల్ మీడియా అకౌంట్లన్నీ అందరికీ కనిపించేలా పెట్టాలి. నా ఫేస్‌బుక్‌లో పాప బారసాల ఫొటోలు, రంగోళీలు తప్ప ఏమీ లేవు. మా ఆయన మాత్రం ఒక రాత్రంతా కూర్చుని క్రికెట్ మీద పెట్టిన బూతు కామెంట్లు వెతుక్కున్నాడు. స్లాట్ కోసం ఎనిమిది రాత్రులు మేలుకున్నాం. మాటిమాటికీ లాగిన్ అయితే అకౌంట్ లాక్ అవుతుంది, మాకు ఒకసారి అయింది కూడా. చివరికి జూన్ 26 అర్ధరాత్రి రెండు దాటాక నాలుగు స్లాట్లు దొరికాయి. జూలై 7 వేలిముద్రలు, 9 ఇంటర్వ్యూ. స్లాట్ దొరికిందని అరవబోయి, పక్కన ఇంట్లోవాళ్లు పడుకున్న గదిలో ఉన్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

వేలిముద్రల సెంటర్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. మలక్‌పేటలో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిగితే అక్కడే. క్యాబ్ అక్కర్లేదు. 14 ఏళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో కొత్త కాన్సులేట్‌లో. ఫోన్లు లోపలికి రానివ్వరు, బయట ఒక దుకాణంలో రెండు వందలిచ్చి దాచాం. లోపల నాతో మాట్లాడింది మహా అయితే మూడు నిమిషాలు. ఏం చెప్తారు, ఎక్కడ, తిరిగొచ్చాక ఏం చేస్తారు. తర్వాత ఆఫీసర్ మా ఆయన వైపు తిరిగి, "మీరక్కడ ఏం చేస్తారు?" అని అడిగాడు. వారం రోజులుగా ప్రాక్టీస్ చేసిన జవాబు ఒకటుంది. అది మర్చిపోయి, "పిల్లల్ని చూసుకుంటాను" అన్నాడు. ఆఫీసర్ మొదటిసారి నవ్వాడు. పాస్‌పోర్టులు ఉంచుకున్నారు, కానీ వీసా ఇచ్చినట్టు చెప్పలేదు. వారం రోజులు స్టేటస్‌లో 'అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్', అంటే ఇంకా పరిశీలనలోనే ఉందని కనిపించింది. 16న మారింది. 18న శుక్రవారం పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. 28న నేను అరిజోనాలో ఓరియెంటేషన్‌లో ఉండాలి.

టికెట్లు 23వ తేదీకే దొరికాయి. ఒకవైపు ప్రయాణమే నలుగురికి 3 లక్షల 42 వేలు. ఆషాఢం, అందులోనూ తెల్లారితే అమావాస్య. అత్తమ్మ ముఖం మాడిపోయింది. శ్రావణం రానిచ్చి వెళ్లమంది. అలా వెళ్తే ఉద్యోగం ఉండదని చెప్తే చాలాసేపు ఆలోచించి, వాళ్ల పూజారిని అడిగి, ఒక మంచి గడియలో నా చీర ఒకటి, బాబు చొక్కా ఒకటి మూటగట్టి ఎదురింట్లో ప్రస్థానం పెట్టింది. 20న లాల్‌దర్వాజ బోనాలు. ఆ జనంలో బాబును భుజానికెత్తుకుని అమ్మవారిని చూపిస్తూ, "వీళ్లు వెళ్లేది ఎడారికి తల్లీ, నీళ్లు చూడు" అని దండం పెట్టింది.

ఇప్పుడు డబ్బు. కాగితాలకు, పాస్‌పోర్టులకు 31 వేలు. స్పాన్సర్ ఫీజు నా ఇన్సూరెన్స్‌తో కలిపి 3 లక్షల 10 వేలు. మిగతా ముగ్గురి ఇన్సూరెన్స్ లక్షా 75 వేలు. జె-1 వీసాకు మొత్తం కుటుంబానికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఎంత కవర్ కావాలో కూడా నిబంధనల్లో ఉంటుంది. వీసా, సెవిస్ కలిపి 83 వేలు, తర్వాత టికెట్లు. టీకాలకు, సూట్‌కేసులకు, స్వెటర్లకు 60 వేలు. విమానం ఎక్కేసరికి పది లక్షలు దాటింది. చేతిలో పెట్టుకున్న ఐదు వేల డాలర్లు వేరే. సగం దాచుకున్నది, మిగతా సగం నా నగల మీద గోల్డ్ లోన్. అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆ తర్వాత బంగారం ధర ఎక్కడికి పోయిందో చూశారుగా, ఆమె మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

టీకాలన్నాను కదా, అది ఊహించని ఖర్చు. పాపకు టీకాలన్నీ బస్తీ దవాఖానాలో వేయించాం, కార్డు పక్కాగా ఉంది. కానీ అరిజోనా బడిలో చేరాలంటే ఆటలమ్మ టీకా ఉండాలి. అది మన ప్రభుత్వ టీకాల్లో లేదు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ప్రైవేటులో ఇద్దరికీ వేయించాం. పాప విమానంలో జ్వరంతో పడుకుంది.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దోహా, డల్లాస్, ఆల్బుకర్కీ. కరివేపాకు తీసుకెళ్లకూడదు, ఆవకాయ వెళ్తుంది. అక్కడ కరెంటు 120 వోల్టులు కాబట్టి ఇక్కడి మిక్సీ పనికిరాదు, అదే వోల్టేజీది కొనుక్కెళ్లాలి. ఆల్బుకర్కీ నుంచి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. నాతోపాటు పనిచేయబోయే ఫిలిప్పీన్స్ టీచర్, వాళ్లాయన కలిసి పికప్ వేసుకుని వచ్చి తీసుకెళ్లారు. పెట్రోలు డబ్బులు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

అక్కడ భూమి నవహోలది, బయటివాళ్లు ఇల్లు కొనుక్కోలేరు. టీచర్లకు స్కూలే క్వార్టర్స్ ఇస్తుంది, నెలకు 550 డాలర్లు జీతంలో పట్టుకుంటుంది. తలుపు తీశాం. రెండు బెడ్‌రూములు, స్టవ్, ఫ్రిజ్. అంతే. మంచం లేదు, కుర్చీ లేదు, పరదా లేదు. 'క్వార్టర్స్ ఇస్తాం' అంటే సామాన్లతో ఇస్తారని నేనే అనుకున్నాను, వాళ్లు ఎక్కడా అనలేదు. వద్దు వద్దంటున్నా అమ్మ సూట్‌కేసులో కుక్కిన పాత చీరల బొంత పరుచుకుని నలుగురం పడుకున్నాం. ఆ ఊరు సముద్రమట్టానికి అయిదున్నర వేల అడుగుల ఎత్తులో ఉంది. జూలైలో కూడా తెల్లవారుజామున చలేసింది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మూడో రోజు పిల్లలిద్దరికీ ముక్కులోంచి రక్తం వచ్చింది. భయపడిపోయాను. పక్కింటామె చూసి, ముక్కు లోపల వాజలీన్ రాసి, గిన్నెలో నీళ్లు మరిగిస్తూ ఉంచమంది. తగ్గింది.

మొదటిరోజే ఓరియెంటేషన్‌కు గంట ఆలస్యంగా వెళ్లాను. తప్పు నాది కాదు, గడియారానిది. అమెరికాలో చాలాచోట్ల ఎండాకాలం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అరిజోనాలో జరపరు. కానీ అరిజోనాలోనే ఉన్న నవహో నేషన్‌లో జరుపుతారు. నవహో భూమి మధ్యలో హోపీ అనే ఇంకో తెగ భూమి ఉంది, వాళ్లు జరపరు. మా ఆయన ఫోన్‌లో రాష్ట్రం చూసి, దాని రాజధాని 'ఫీనిక్స్' టైమ్ పెట్టేశాడు. లెక్కల టీచర్ టైముకు రాలేదని అందరూ నవ్వారు. ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చినవాళ్లు ఒకరైనా ఇలా వస్తారట.

ఇక నేను అసలు రాయాలనుకున్నది, జూలై 24 నుంచి సెప్టెంబర్ 12 వరకు. అది వీసా కంటే కష్టం. జీతం పడాలంటే సోషల్ సెక్యూరిటీ నంబర్, అంటే అక్కడ పని చేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే నంబర్, కావాలని మా స్కూల్లో అన్నారు. నంబర్‌కు అప్లై చేయాలంటే మనం వచ్చామని స్పాన్సర్ ముందు వాళ్ల సిస్టమ్‌లో ఎక్కించాలి, తర్వాత కొన్నాళ్లు ఆగాలి. ఆ ఆఫీసు గంటన్నర దూరం. బస్సు లేదు. కారు కావాలి. కారు అప్పుకు ఇవ్వాలంటే అక్కడ మన పేరు మీద పాత అప్పుల చరిత్ర ఉండాలి. మనమేమో అప్పుడే పుట్టినట్టు లెక్క. చివరికి ఫిలిప్పీన్స్ వెళ్లిపోతున్న ఒక టీచర్ తన పాత కారు 6,500 డాలర్లకు, ముందు 2,500, మిగతాది నెలనెలా అని ఇచ్చింది. వాళ్లలో వాళ్లకు అదో పద్ధతట, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు ఇస్తారు. మేం ఫిలిప్పీన్స్ వాళ్లం కాకపోయినా ఆ వరసలో చేర్చుకున్నారు. నంబర్ మూడు వారాలకు వచ్చింది. అప్పటికి ఆ నెల జీతాల లెక్క ముగిసిందని ఆఫీసులో చెప్పారు. మొదటి జీతం సెప్టెంబర్ 12న. అందులోనూ పన్ను కోసేశారు. భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం రెండేళ్లకు మించకుండా ఉండే టీచర్లకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, రెండేళ్లు దాటితే మొత్తానికీ పోవచ్చు. దానికి 8233 అనే ఫారం మనమే నింపి ఇవ్వాలి. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రెండేళ్లలో తిరిగొచ్చేవాళ్లయితే మొదటిరోజే ఇవ్వండి. సెప్టెంబర్ 11 రాత్రి మా దగ్గర మిగిలింది 212 డాలర్లు.

ఆ యాభై రోజులూ నాకు కనీసం బడి ఉంది. మా ఆయనకు ఏమీ లేదు. పొద్దున నేను, పాప వెళ్లిపోతే ఆయన, బాబు, నాలుగు గోడలు. జె-2 వాళ్లు పని చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి, దానికి ఫీజు 520 డాలర్లు. ఆ డబ్బు మాకు అక్టోబర్‌లో గానీ చేతికి రాలేదు. పన్నెండేళ్లు రోజుకు పదిమంది డాక్టర్లతో మాట్లాడిన మనిషి, సాయంత్రం నేను తలుపు తీయగానే ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు. ఆ రోజు వాన వచ్చింది, కుక్కలు నాలుగు వచ్చాయి, నీళ్ల ట్యాంకు పెట్టుకుని ఒక పెద్దాయన వెళ్లాడు. అక్కడ చాలా ఇళ్లకు కుళాయిలు లేవు. పికప్ వెనక ట్యాంకు పెట్టుకుని దూరం నుంచి నీళ్లు తెచ్చుకుంటారు. ట్యాంకర్ కోసం ఎదురుచూసిన హైదరాబాద్ మనిషికి అదొక్కటే తెలిసిన దృశ్యం. బాబు మాత్రం ఆగస్టు మొత్తం దాదాపు మాట్లాడలేదు. వేలితో చూపించడమే. సంతలో గొర్రెల్ని చూసి, "మ్యాక" అన్నాడు ఒకరోజు. మేక కాదు నాన్నా, గొర్రె అని దిద్దలేదు.

ఆ సంత మమ్మల్ని నిలబెట్టింది. నవహోలు గొర్రెల్ని పెంచుతారు, మటన్ వాళ్లకు ప్రాణం. మా ఆయన అక్కడ మాంసం కొని మన పద్ధతిలో కూర వండి పక్కింటికి పంపాడు. గిన్నె వాళ్ల రొట్టెలతో తిరిగొచ్చింది, అదే వారం ఇంకో ఇంటినుంచి అడిగారు. కారం తగ్గించమని మాత్రం ఎవరూ అనలేదు.

క్లాసులో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. అమెరికా బళ్లలో చదువుకు గుర్తుగా గుడ్లగూబ బొమ్మలు పెడతారని చూసి, డాలర్ దుకాణంలో పెద్ద బొమ్మలు కొని గోడంతా అంటించాను. పిల్లలు ఆ గోడ వైపు కూర్చోవట్లేదు. రెండోరోజు సహాయకురాలు నన్ను పక్కకు పిలిచి చెప్పింది, గుడ్లగూబ చావు కబురు తెస్తుందని ఇక్కడి నమ్మకం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మమ్మ ఇంటిమీద గుడ్లగూబ వాలితే శాంతి చేయించేది! అమెరికా వచ్చానని అమ్మమ్మను పక్కనపెట్టి, అమెరికా వాళ్లదనుకున్న బొమ్మ అంటించాను. అవి తీసేశాక, పిల్లలు నా కళ్లలోకి చూడకుండా తల దించుకుంటే వినట్లేదనుకోవడం కూడా మానేశాను. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకపోవడం వాళ్లకు గౌరవం. నాకు మాత్రం అది కొత్తా?

అక్టోబర్‌లో ఒక రాత్రి బాబుకు చెవి నొప్పి. ఊళ్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి అక్కడి మూలవాసుల కోసం పెట్టింది, మాలాంటివాళ్లం మామూలు జబ్బులకు బయటికే వెళ్లాలి. తెల్లవారుజామున గంటన్నర కారులో వెళ్లాం. ఇన్సూరెన్స్ ఉన్నా, ముందు మన వాటా కట్టాలి కాబట్టి 240 డాలర్లు చేతినుంచే పోయాయి. అందుకే అక్కడికి తీసుకెళ్లే పెట్టెలో బట్టలు తగ్గించి, డాక్టర్ చీటీతో సహా పిల్లల మందులు పెట్టుకోండి.

మంచు పడ్డాక మట్టిరోడ్లు బురదవుతాయి, బస్సులు రాలేవు, బడి రెండు గంటలు ఆలస్యం. కొందరు పిల్లలకు మామూలు రోజుల్లోనే బస్సులో గంటన్నర పడుతుంది. నా జీతంలో గోల్డ్ లోన్‌కు నెలకు 400 డాలర్లు పంపుతున్నాను. మా ఆయన పర్మిట్ ఇంకా రాలేదు. ఈ వీసా మూడేళ్లు, స్కూలు కోరితే ఇంకో రెండేళ్లు. తిరిగెళ్లి రెండేళ్లు సొంత దేశంలోనే ఉండాలన్న షరతు మాకు పడలేదు. ఆ షరతు పడే దేశాల జాబితాలోంచి 2024 డిసెంబర్‌లో భారత్‌ను తీసేశారు.

మొన్న జనవరిలో పాప బడినుంచి ఒక కాగితం తెచ్చింది. నవహోలు ఎవరికైనా తమను పరిచయం చేసుకునేటప్పుడు నాలుగు వంశాల పేర్లు చెప్తారు. ముందు తల్లిది, తర్వాత తండ్రిది, తర్వాత తల్లి తండ్రిది, చివర తండ్రి తండ్రిది. కాగితం మీద నాలుగు గళ్లు, క్లాసులో అందరూ నింపాలి. నేను నింపడానికి కూర్చుంటే లెక్క కుదర్లేదు. మన పద్ధతిలో మొదటిదీ మూడోదీ ఒకటే ఇంటిపేరు, రెండోదీ నాలుగోదీ ఒకటే. నాలుగు గళ్లు, రెండే పేర్లు. పాప ఒప్పుకోలేదు, నాలుగూ వేరువేరుగా కావాలంది. అయితే అమ్మమ్మల పుట్టింటి పేర్లు రాద్దామన్నాను. మా అమ్మ పుట్టింటి పేరు నాకు తెలుసు. ఆమె అమ్మది తెలియదు. నేను వంటింట్లో ఉండగా పాప నా ఫోన్ తీసి మలక్‌పేటకు, తర్వాత మా అమ్మకు చేసేసింది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట మాకు. చలికాలంలో పన్నెండున్నర గంటల తేడా, అక్కడ రాత్రి ఒకటిన్నర.

అమ్మ కంగారుగా లేచి, విషయం విని, కాసేపు ఆగి, వాళ్లమ్మ పుట్టింటి పేరు ఒక్కో అక్షరం చెప్పింది. పాప తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాసుకుంది. తర్వాత ఫోన్ నాకివ్వమంది.

"ఎందుకే? మళ్లీ ఏమన్నా అఫిడవిట్ అడిగిండ్రా?"